రోజూ వచ్చే కార్డు

ఆగస్టు 3

రిటైరైన రోజున స్టేషన్ నుంచి తెచ్చుకున్న మూడు ఖాళీ రిజిస్టర్లలో ఇది చివరిది. మొదటి రెండింటినీ మా ఆవిడ మర్సీని వంటల చీటీలకి చింపేసింది. దీన్ని బీరువాలో నా పాత యూనిఫారం కింద దాచాను. ఇది ఎవరూ చదవడానికి కాదు. ముప్ఫై నాలుగేళ్ళు రైళ్ళు వచ్చిన వేళా పోయిన వేళా రాసిన చెయ్యి, రాయకపోతే ఊరుకోవడం లేదు.

మా అమ్మాయి వెనింగ్ పెళ్ళి ఖాయమైంది. బిన్సార్ మంచి కుర్రాడే, కాస్త గట్టిగా మాట్లాడతాడు కానీ బటాక్ తెగ వాళ్ళందరూ అంతే. చిక్కల్లా ఇంటిపేరు దగ్గర వచ్చింది. వాళ్ళ ఆచారంలో ఇంటిపేరు లేని పిల్లకి పెళ్ళి జరగదు. మా జావా వాళ్ళకి ఇంటిపేర్లే లేవు. నా పేరు హర్జీతో, ముందూ వెనకా ఏమీ లేదు, అరవై ఏళ్ళుగా దానితోనే బతికాను. అందుకని బిన్సార్ మేనమామ పెళ్ళికి ముందే మా పిల్లని దత్తత తీసుకుని తన ఇంటిపేరు ఇస్తాడట. అప్పుడు అది మేనరికం కూడా అవుతుంది. వాళ్ళకి మేనరికం అంటే ప్రాణం.

నాకేమీ అభ్యంతరం లేదు. ఒక పూట వేడుక, అంతే.

సెప్టెంబరు 14, శనివారం, సెమరాంగ్‌లో ఆ మేనమామ ఇంట్లో. నేను లేచి పెద్దలందర్నీ వరస పెట్టి పలకరించి, "మా అమ్మాయిని మీ అమ్మాయిగా తీసుకోండి, నాకిష్టమే" అని నా నోటితో చెప్పాలి. అది చెప్తేనే దత్తత, దత్తత జరిగితేనే పెళ్ళి.

"వరసలు తప్పితే ఏమవుతుంది?" అని వెనింగ్‌ని అడిగాను.

"ఏం కాదు నాన్నా. ఒక ఇరవై ఏళ్ళు చెప్పుకుని నవ్వుకుంటారు."

ఒకే ట్రాక్ మీద ఎదురెదురుగా వచ్చే బళ్ళని గుద్దుకోకుండా దాటించినవాణ్ణి. నాకు వరసలొక లెక్కా.

ఆగస్టు 4

భోజనాలయ్యాక వెనింగ్ వాళ్ళమ్మతో వంటింట్లో ఉండగా బిన్సార్‌ని అరుగు మీదికి పిలిచాను. వెనింగ్ ఫోనులో ఏవో కార్డులు తిప్పుకుంటూ ఉంటుంది కదా, అవేమిటన్నాను.

"మరుపు ఎప్పుడొస్తుందో లెక్కేసి నడిచే యాప్ అంకుల్. ముందు ఫొటో చూపిస్తుంది. వరస మనసులో అనుకుని కార్డు తిప్పాలి. గుర్తుందని నొక్కితే నాలుగు రోజులకి, ఆ తర్వాత పది రోజులకి, ఆపైన నెలకి వస్తుంది. గుర్తులేదని నొక్కితే రేపే మళ్ళీ వస్తుంది."

అర్థమైపోయింది. గుర్తున్నవాడు వారానికోసారి వచ్చే ఎక్స్‌ప్రెస్, గుర్తులేనివాడు రోజూ వచ్చే ప్యాసింజరు.

"ఆ కార్డులన్నీ నాకూ పంపు," అన్నాను.

"పంపుతాను గానీ, అవి వెనింగ్ తన కోసం చేసుకున్నవి అంకుల్, కాబట్టి…"

"తన కోసం చేసుకుంటే ఏం, దొంగతనం చేస్తున్నానా? నువ్వు మాత్రం దానికి చెప్పకు. ఆ రోజు అందరి ముందూ గడగడా చదివేస్తాను, అప్పుడే తెలుసుకుంటుంది."

"అది కాదంకుల్, నేననేదేంటంటే…"

ఇంతలో వెనింగ్ పళ్ళెంతో పండ్లు పట్టుకొచ్చింది. నేను ఫోను జేబులో వేసుకుని వానల గురించి మాట్లాడాను. బిన్సార్ కూడా పాపం వానల గురించే మాట్లాడాడు.

ఆగస్టు 5

మొత్తం అరవై నాలుగు కార్డులు. రోజుకి పది చొప్పున ఇస్తుంది. బిన్సార్ వేసిచ్చిన యాప్‌లో ఒక బుల్లి జింకపిల్ల బొమ్మ ఉంది. సరిగ్గా చెప్తే గంతులేస్తుంది. మొదటి పదీ అయ్యేసరికి దాని గంతులకి నాకు కళ్ళు తిరిగాయి, కానీ వరసలు మాత్రం వచ్చాయి.

బిన్సార్ తండ్రి హుటగలుంగ్ గారు: అమాంగ్ సిమతువా. తల్లి: ఇనాంగ్ సిమతువా. చెల్లెలు: ఎడా. నోరు తిరగడానికి స్నానాల గదిలో పది పది సార్లు అనుకున్నాను.

ఆగస్టు 7

ముప్ఫై కార్డులు, ఇరవై తొమ్మిది సరిగ్గా చెప్పాను. ఈ వయసులో ఇలాంటి జ్ఞాపకం ఎంతమందికుంటుంది?

ఆగస్టు 9

పొద్దున్న ఆ మేనమామ స్వయంగా ఫోన్ చేశాడు. పేరు వాల్డెమార్ సిహొంబింగ్. ఆయన గొంతు పక్కింటి కోళ్ళు కూడా విన్నాయి.

"హర్జీతో గారా? నేనండీ, సిహొంబింగ్‌ని. ఓ చిన్న సంగతి కనుక్కుందామని చేశా. మా అమ్మాయి కారం తింటుందా?"

"ఎవరమ్మాయి?" అన్నాను.

"అదేనండీ, మన వెనింగ్. మా వంటల్లో మిరియాలు దండిగా పడతాయి. పిల్ల ఇబ్బంది పడకూడదు కదా."

తింటుందని చెప్పి పెట్టేశాను. మర్యాదస్తుడే, కాదనను.

సాయంత్రం కార్డులు తీస్తే నలభై ఒకటోది ఆయనే. గుబురు మీసాలు, ఒక కన్ను కాస్త మూసుకున్నట్టుంటుంది. వెనక్కి తిప్పితే "అమాంగ్" అని ఉంది. అంటే నాన్న.

గుర్తులేదని నొక్కాను. నిజంగానే నోటికి రాలేదు.

తర్వాత ఊరికే, పనేమీ లేక, మొత్తం అరవై నాలుగూ ఒకసారి జరుపుకుంటూ వెళ్ళాను. నాది లేదు. మర్సీనిదీ లేదు.

ఆగస్టు 10

మీసాలాయన వచ్చాడు. గుర్తులేదు.

ఆగస్టు 11

మళ్ళీ వచ్చాడు.

ఆగస్టు 12

ఈ జింకపిల్ల యాప్ నాకు సరిపడదు. తప్పు చెప్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. అరవై ఏళ్ళ మనిషిని పట్టుకుని ఒక జింక ఏడవడం ఏమిటి? తీసేసి ఇంకొకటి వేసుకున్నాను. ఇది నీలం రంగులో నెమ్మదిగా ఉంది. కొత్త యాప్ గనక మళ్ళీ ఒకటో కార్డు నుంచి మొదలు. పునాది గట్టిపడుతుంది, మంచిదే.

ఆగస్టు 15

నీలం యాప్ అద్భుతం. మొదటి ముప్ఫై మంది నాకు నా వేళ్ళంత తెలుసు.

ఆగస్టు 16

మీసాలాయన.

ఆగస్టు 17

మా దేశ స్వాతంత్ర్య దినం. దారానికి వేలాడే అప్పడాన్ని చేతులు వెనక్కి కట్టుకుని తినే పోటీకి మా వీధిలో ఈ ఏడూ నేనే న్యాయనిర్ణేతని. గెలిచినవాడికి బకెట్టు బహుమతి. కార్డులు తీయడానికి తీరిక దొరకలేదు.

ఆగస్టు 18

నీలం యాప్‌లో ప్రకటనలు ఎక్కువ. పెద్దల వరసలు నేర్చుకుంటుంటే మధ్యలో స్నానాల గది పాచి వదిలించే పొడి వస్తోంది. అది పెద్దలకి అమర్యాద. తీసేశాను.

ఇప్పుడు వేసుకున్నది వెనింగ్ వాడేదే. డాక్టరు చదువుల పిల్లలు వాడతారట. బూడిద రంగు, బొమ్మల్లేవు, గంతుల్లేవు, రైల్వే ఫారంలా ఉంది. కింద నాలుగు మీటలు: మళ్ళీ, కష్టం, పర్వాలేదు, సులువు. నిజాయితీ గల యాప్. ఒకటో కార్డు నుంచి మొదలుపెట్టాను.

మర్సీని అట్లకాడ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఇది మూడోదా?"

"మంచి పనిముట్టు దొరకాలి కదా."

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 22

ఇందులోనూ వచ్చాడు. ఇంకా ఘోరం, ఈ యాప్‌లో "మళ్ళీ" నొక్కితే రేపటి దాకా ఆగదు, నిమిషానికే వస్తాడు. పన్నెండుసార్లు వచ్చాడు. ఆ మూసుకున్న కన్ను నన్ను చూసి నవ్వుతున్నట్టుంది.

ఆగస్టు 25

కళ్ళకి ఫోను మంచిది కాదని పేపర్లో చదివాను. ఎప్పుడు చదివానో గుర్తులేదు కానీ చదివాను.

అట్టముక్కలతో కార్డులు నేనే చేసుకున్నాను. రేకు బిస్కెట్ డబ్బాలో అరలు కట్టాను. మొదటి అర రోజూ నడిచేది, రెండోది నాలుగు రోజులకి, మూడోది వారానికి. గుర్తున్న కార్డు వెనక అరకి వెళ్తుంది, మరిచిన కార్డు ముందుకొస్తుంది. ఏ యాప్ చేసినా ఇదే కదా. పొద్దుట నుంచి సాయంత్రం దాకా కూర్చుని అరవై మూడు కార్డులు రాశాను. చివర్లో అట్ట సరిపోలేదు.

ఆగస్టు 30

అరవై మూడుకి అరవై మూడూ వచ్చేశాయి. చెరువు దగ్గర గాలం వేసి కూర్చుని ఒక్కొక్కటే పైకి అనుకున్నాను. "అమాంగ్ సిమతువా" అని వంగి దణ్ణం పెడుతుంటే పక్క పడవవాడు నాకు ఎండ దెబ్బ కొట్టిందనుకున్నాడు. నీళ్ళు ఇవ్వబోయాడు.

సెప్టెంబరు 2

మర్సీని డబ్బా తీసి లెక్కపెట్టింది. ఆవిడకి లెక్కెందుకో.

"అరవై నాలుగన్నారు, అరవై మూడే ఉన్నాయి."

"అట్ట అయిపోయింది."

"ఈ ఇంట్లో అట్టకి కరువా? సబ్బు పెట్టెలున్నాయి, చెప్పుల పెట్టెలున్నాయి, మీ బూట్ల పెట్టె అయితే రిటైరైన దగ్గర్నుంచీ అలాగే ఉంది."

నేను డబ్బా మూత పెట్టబోయాను.

"జింకపిల్ల ఏడ్చింది, నీలందాంట్లో పాచి పొడొచ్చింది, బూడిదది కళ్ళకి పడలేదు. నేనూ చూస్తూనే ఉన్నా. మొదలుపెట్టిన అయిదో రోజు దాటాక యాప్ చెడిపోతోంది. ఆ అయిదో రోజున వచ్చేదెవరండీ?"

"నాకేం తెలుసు? ఎవరో ఒకరొస్తారు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎందుకంత గట్టిగా చెప్తారు?"

ఆవిడ సబ్బు పెట్టె ఒకటి చింపి, తన గుండ్రటి అక్షరాలతో "వాల్డెమార్ సిహొంబింగ్" అని రాసింది. వెనకవైపు ఏమీ రాయలేదు.

"వెనక మీరే రాసుకోండి," అని ముందు అరలో పెట్టింది. డబ్బా అంతా మల్లెపూల సబ్బు వాసన వేస్తోంది.

సెప్టెంబరు 3

రాయలేదు.

సెప్టెంబరు 4

రాయలేదు.

సెప్టెంబరు 7

వెనింగ్ వచ్చింది. అరుగు మీద నా పక్కన కూర్చుని నా గాలం తాడు చిక్కులు తీసింది. చిన్నప్పట్నుంచీ చిక్కులు తీయడం దానిదే పని. నా వేళ్ళు మొద్దు.

"నాన్నా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్. అక్కడ అందరి ముందూ నీ నోరు పెగలకపోతే నేను చూడలేను."

"ఇష్టమేనన్నాను కదా."

"ఆ మాట గొంతులో ముల్లు ఉన్నవాడిలా అంటున్నావ్."

ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగాను. "నీ ఫోనులో కార్డులు అందరివీ చేసుకున్నావా? ఎవర్నైనా మరిచిపోయావేమో చూసుకో."

"లేదు నాన్నా, కొత్తవాళ్ళందరివీ చేశాను. ఒక్కళ్ళనీ వదల్లేదు."

"అందరివీనా?"

"కొత్తవాళ్ళందరివీ," అని చిక్కు విప్పిన తాడు నా చేతిలో పెట్టింది.

అది బస్సెక్కి వెళ్ళాక చాలాసేపు అరుగు మీదే ఉన్నాను. ఇక్కడ రాసుకోవచ్చు, ఎవరూ చూడరు. నాకు బాధగా ఉంది. దాన్ని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళి పచ్చజెండా ఊపనిచ్చింది నేను. రెండు రోజులు జ్వరం వస్తే మూడు షిఫ్టులు మానింది నేను. ఇంకొకాయన మీసాలతో వచ్చి ఒక పూటలో నాన్న అయిపోతే నేనేమవుతాను? అరవై నాలుగు మందికీ అక్కడ ఒక వరస ఉంది. ఏ కార్డు తిప్పినా నా వరస లేదు.

సెప్టెంబరు 11

బూడిద రంగు యాప్ మళ్ళీ వేసుకున్నాను. ఆఖరి మూడు రోజులూ అందరి ముఖాలూ చూసుకోవాలి. మీసాలాయన వస్తే తిప్పి, "అమాంగ్" అని పైకి చదివి, కళ్ళు మూసుకుని "పర్వాలేదు" నొక్కాను. ఏమీ కాలేదు. ఇల్లు కూలలేదు.

సెప్టెంబరు 13

వట్టి చేతులతో వెళ్ళకూడదు. పొద్దున్నే పడవేసుకుని వెళ్ళాను. మూడు బంగారుతీగ చేపలు పడ్డాయి, ఒక్కొక్కటీ మోచేతి పొడుగు. అక్కడికి చేరేదాకా బతికుండాలని అప్పడాల పోటీకి తెచ్చిన వాటిలో మిగిలిపోయిన బకెట్టులో నీళ్ళు పోసి ఉంచాను.

"యాభై మందికి మూడు చేపలా?" అంది మర్సీని. "పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, బస్సులో ఆ బకెట్టేంటండీ?"

"నాకు పట్టడం తెలిసింది చేపలే."

ఆవిడ వెళ్ళి నా చొక్కా ఇస్త్రీ చేసింది.

సెప్టెంబరు 15

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న రాయడానికి చేతులు ఖాళీగా లేవు, అవి ఎందుకు ఖాళీగా లేవో కూడా రాస్తాను.

బస్సులో రెండుసార్లు బకెట్టు తొణికింది, రెండుసార్లూ ఒకే ముసలాయన చెప్పుల మీద. తొమ్మిదింటికి సిహొంబింగ్ గారిల్లు చేరాం. చాపలు పరిచి ఉన్నాయి, జనం కిక్కిరిసి ఉన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరూ దెబ్బలాడుకోవడం లేదు. చేపల బకెట్టుని ఎవరో పిల్లలు వంటింట్లోకి మోసుకెళ్ళారు. వెనింగ్ ఎర్రచీరె లాంటి నేత గుడ్డలో, ఎవరో తెలియని పిల్లలా ఉంది. నన్ను చూసి నవ్వాక తెలిసింది.

పదకొండున్నరకి నన్ను లేవమన్నారు. యాభై జతల కళ్ళు. జేబులో రాసిపెట్టుకున్న చీటీ తీయలేదు. గర్వంతో చెప్పడం లేదు, నిజంగా తీయలేదు.

ముందుగా హుటగలుంగ్ గారి వైపు తిరిగి రెండు చేతులూ జోడించి వంగి, "అమాంగ్ సిమతువా" అన్నాను.

మాటలు ఆగిపోయాయి. నా ఉచ్చారణకి ముచ్చటపడ్డారనుకున్నాను. ఆయన భార్య వైపు తిరిగి "ఇనాంగ్ సిమతువా" అన్నాను. ఆవిడ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బిన్సార్ చెల్లెల్ని "ఎడా" అన్నాను. వెనకనుంచి ఒక పిల్ల కిసుక్కుమంది. బిన్సార్ నేల వైపు చూస్తున్నాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి. నాకేదో తేడాగా తోచింది కానీ బండి స్టేషన్ దాటేసింది, నోరు దాని దారిన అది నడుస్తోంది. సిహొంబింగ్ గారి ముందుకొచ్చాను. నెలకు పైగా రోజూ వచ్చిన కార్డు, చూడకుండా ఒక్కనాడూ నోటికి రాని మాట, గంట కొట్టినట్టు బయటికొచ్చింది.

"అమాంగ్," అన్నాను. నాన్నా, అని.

ఆయన నాకన్నా నాలుగేళ్ళు చిన్న.

ఇల్లు కప్పు లేచిపోయేలా నవ్వారు. చాపల మీద పడి నవ్వారు. వెనింగ్ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది, అదీ నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నాన్నా, నా కార్డులు చదివావా? అవి నేను పిలవాల్సిన వరసలు. హుటగలుంగ్ గారిని నువ్వు మామగారూ అన్నావ్. ఆవిణ్ణి అత్తగారూ అన్నావ్. ఎడా అనేది ఆడవాళ్ళు ఆడవాళ్ళని పిలిచే మాట."

"నేను చెప్పబోయానంకుల్," అన్నాడు బిన్సార్ నీరసంగా. "అరుగు మీద. రెండుసార్లు."

వెనక "నాన్న" అని రాసి ఉన్న కార్డు ఎవరి నోటికి తగినదో తెలుసుకోవడానికి స్టేషన్ మాస్టరు కానక్కర్లేదు. నెలకు పైగా చూశాను, కోపం తెచ్చుకున్నాను గానీ ఆ ఆలోచనే రాలేదు.

సిహొంబింగ్ గారు లేచి నిలబడ్డారు. "ఇవాళ మా ఇంటికి ఒక కూతురొస్తుందని పిలిచానర్రా. అరవై ఏళ్ళ కొడుకు కూడా వస్తాడని ఎవరూ చెప్పలేదే."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వులో ఎకసెక్కం లేదు, ఉంటే నాకు తెలుస్తుంది. కానీ చెప్పాల్సిన అసలు మాట మిగిలే ఉంది, అది రావడం లేదు. వెనింగ్ వేళ్ళు నా చేతిలో బిగుసుకుంటున్నాయి. అది భయపడింది ఇందుకే.

అప్పుడు గోడవార కూర్చున్న ముసలావిడ, సిహొంబింగ్ గారి తల్లి, అందరూ ఒప్పుంగ్ అంటారు, అంటే అవ్వ, కర్రతో నేల మీద కొట్టింది. గది సద్దుమణిగింది.

"వంటింట్లో బకెట్టు ఎవరిది?"

"నాదేనండీ," అన్నాను.

"చేపలు ఎన్ని?"

"మూడు. అంతకన్నా పడలేదు."

"ఎవరు చెప్తే తెచ్చావు?"

"ఎవరూ చెప్పలేదు. నాకు పట్టడం వచ్చింది చేపలే."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "చూశావా? పిల్లని కోడలిగా తీసుకునే వాళ్ళింటి నుంచి మాంసం వస్తుంది. చేప వచ్చేది పిల్లనిచ్చే వాళ్ళింటి నుంచే. అదీ బేసి లెక్కలోనే, పొలుసు తీయకుండా, తుంచకుండా. ఈయన నోరు తప్పిందేమో గానీ చెయ్యి తప్పలేదు. పిల్లనిచ్చేవాడు ఎక్కడ కూర్చుంటాడు?"

"నా పక్కనమ్మా," అన్నారు సిహొంబింగ్ గారు.

"మరి నిలబెట్టావేం?"

ఆయన నా భుజం పట్టుకుని తన చాప మీదికి లాగారు. "నువ్వు నాన్నవి కాకపోతే ఈ పిల్ల ఎక్కణ్ణించొచ్చింది? దీనికి ఇద్దరు నాన్నలు. నాకన్నా పెద్దోడివి, నాకు అన్నవి. అంతే, వరస కుదిరిపోయింది."

హుటగలుంగ్ గారు అవతలి చాప మీద నుంచి కేకేశారు. "నన్ను మామగారూ అన్నావంటే ఊరుకోను. నేను నీకు బావని."

అప్పుడొచ్చింది మాట. వాళ్ళ భాషలో కాదు, మా జావా భాషలో వచ్చింది. "ఇది నా పిల్ల. ఇవాళ్టి నుంచి మీ పిల్ల కూడా. నాకిష్టమే," అన్నాను. గొంతులో ముల్లు లేదు. మర్సీని ముక్కు చీదుకోవడం వినిపించింది.

నా మూడు చేపలూ వాళ్ళ మసాలాలో ఉడికి పళ్ళెంలోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. సిహొంబింగ్ గారు, ఆయన భార్య వెనింగ్ భుజాల చుట్టూ నేతవస్త్రం కప్పి, తల మీద బియ్యం వేసి, చేప ముద్ద తినిపించారు. ఆయన పళ్ళెం నా వైపు జరిపారు. "కానీయ్ అన్నా." చేతులు ఖాళీగా లేవన్నది ఇందుకే. ముళ్ళు తీసి తినిపించాను. దానికి మూడేళ్ళప్పుడు తీసినట్టే తీశాను.

మిరియాలు దండిగా ఉన్నాయి. మా అమ్మాయి ఇబ్బంది పడలేదు.

సెప్టెంబరు 16

ఇవాళ అయిదు ఫోన్లు. ఎవరెవరో, పేర్లు చెప్పకుండా "మామగారూ" అని పెట్టేస్తున్నారు. ఇరవై ఏళ్ళు అంది వెనింగ్. తక్కువే చెప్పింది.

సెప్టెంబరు 17

వెనింగ్‌ని ఫోనులో అడిగేశాను. "నా కార్డు ఎందుకు చెయ్యలేదు?"

"నీకు కార్డేంటి నాన్నా," అంది, బస్సులో ఉన్నట్టుంది, కండక్టరు అరుపులు. "మరిచిపోతాననుకున్న వాళ్ళకే కదా చేసుకునేది. సరే, స్టాపొచ్చింది, మళ్ళీ చేస్తా."

మళ్ళీ చెయ్యలేదు. పర్వాలేదు.

సెప్టెంబరు 18

బూడిద రంగు యాప్ ఖాయం చేశాను, ఇక మార్చను. అరవై నాలుగు కార్డుల వెనకా మార్చి రాస్తున్నాను, ఈసారి నేను కూర్చున్న చాప మీద నుంచి. హుటగలుంగ్ గారు బావ. బిన్సార్ అల్లుడు. ఒప్పుంగ్‌ని ఎవరైనా ఒప్పుంగ్ అనే అంటారు, ఆవిడతో పేచీ లేదు.

మర్సీని రాసిన సబ్బు పెట్టె కార్డు కూడా తీశాను. వెనక "తమ్ముడు" అని రాసి డబ్బాలో పెట్టబోతుంటే ఆవిడ చూసింది. వెళ్ళి కాఫీ పెట్టింది.

ఫోనులో నలభై ఒకటో కార్డు వచ్చింది. గుబురు మీసాలు, మూసుకున్న కన్ను. మొదటిసారి "సులువు" నొక్కాను. ఇక తొమ్మిది రోజులకి గాని చూపించనంది యాప్. కార్డు కన్నా మనిషే ముందొస్తున్నాడు, ఆదివారం గాలం పట్టుకుని దిగుతానని నిన్న ఫోనులోనే వీధంతా వినపడేలా చెప్పాడు. వానపాములు తవ్వి పెట్టుకోవాలి.